ఇంగ్లీషు క్లాసులో సాహిత్యం, కళ, విశ్వాసం మీద రిఫ్లెక్షన్ రాయడం ఎలా

ఒక కవితా ఒక చిత్రమూ ఇచ్చి, వాటి మీద మీ ఆలోచనలు, మీ నమ్మకాలు కలిపి 800 పదాల్లో రాయమని ఇంగ్లీషు టీచర్ అడిగారనుకోండి. చాలామంది విద్యార్థులు రెండింట్లో ఏదో ఒక దారి పడతారు. కొందరు కవిత సారాంశమంతా రాసి, చివర ‘నాకు చాలా నచ్చింది’ అని ముగిస్తారు. ఇంకొందరు కవితను మొదటి పేరాలోనే వదిలేసి, దేవుడున్నాడా లేడా అన్న ఉపన్యాసంలోకి దిగుతారు. మొదటి దాంట్లో రాసినవాడు కనిపించడు, రెండో దాంట్లో కవిత కనిపించదు. రెండూ ఒకే పేజీ మీద ఎలా నిలబడాలన్నదే ఇక్కడ విషయం.

రిఫ్లెక్షన్ అంటే మీ ఆలోచన నడిచిన దారిని చూపించడం. చదవకముందు ఏమనుకున్నారు, ఏ పాదం దగ్గర, చిత్రంలో ఏ మూల దగ్గర ఆగిపోయారు, ఆగాక ఏం మారింది, ఏది ఇంకా తేలలేదు అన్న నాలుగూ చదివేవారికి కనపడాలి. అభిప్రాయం మారి తీరాలనేమీ లేదు. మారకపోతే, దాన్ని కదిలించబోయిన పాదమేదో, అయినా ఎందుకు కదల్లేదో రాయండి. ‘ఈ కవిత నా జీవితాన్నే మార్చేసింది’ లాంటి వాక్యాన్ని టీచర్లు ఎన్నోసార్లు చదివి ఉంటారు. దాని వెనక పాదసంఖ్య లేకపోతే ఎవరూ నమ్మరు.

ఏది ఎంచుకోవాలి

ఎంపిక మీదే అయితే చిన్నది తీసుకోండి. 20, 30 పాదాల కవిత, ఒకే ఒక చిత్రం చాలు. 800 పదాల్లో నవల మొత్తం పట్టదు. నవలే రాయాల్సి వస్తే అందులో ఒక్క సన్నివేశానికి కట్టుబడండి. సాహిత్యం, కళ, విశ్వాసం మూడూ కృతిలోనే కలిసి ఉంటే మీ పని సగం తేలికవుతుంది. వాటిని మీరు బలవంతాన ముడిపెట్టక్కర్లేదు.

అలాంటి వాటిలో మొదట చెప్పుకోవలసింది ఇంగ్లీషు కవి, చిత్రకారుడు విలియం బ్లేక్ జంట కవితలు. ‘ద లాంబ్’ 1789లో ‘సాంగ్స్ ఆఫ్ ఇన్నొసెన్స్’లో వచ్చింది. ‘ద టైగర్’ 1794లో రెండు సంపుటాలూ కలిసిన ‘సాంగ్స్ ఆఫ్ ఇన్నొసెన్స్ అండ్ ఆఫ్ ఎక్స్‌పీరియన్స్’లో వచ్చింది. బ్లేక్ కవిత రాయడంతో ఆగలేదు. అక్షరాలూ బొమ్మా ఒకే రాగిరేకు మీద గీసి, ఆమ్లంతో చెక్కి, అచ్చువేసి, చేత్తో రంగులు అద్దాడు. అందుకే ఒక ప్రతిలోని రంగులు ఇంకో ప్రతిలో ఉండవు. మీరు ఏ ప్రతి చూశారో రాయకుండా ‘పులి నారింజ రంగులో ఉంది’ అంటే, వేరే ప్రతి చూసిన టీచర్‌కు అది తప్పుగా తోచవచ్చు.

రెండోది ఇకరస్ కథ. తండ్రి చేసిన మైనం రెక్కలతో సూర్యుడికి మరీ దగ్గరగా ఎగిరి, మైనం కరిగి సముద్రంలో పడిపోయిన గ్రీకు పురాణ కుర్రాడు ఇతను. రోమన్ కవి ఓవిడ్ ‘మెటమార్ఫొసీస్’ ఎనిమిదో పుస్తకంలో తండ్రీకొడుకులు మైనం రెక్కలతో ఎగురుతుంటే జాలరి, గొర్రెల కాపరి, నాగలి పట్టిన రైతు తలెత్తి చూసి నిర్ఘాంతపోతారు. ఆకాశంలో ఎగిరేవాళ్లు దేవుళ్లే అయి ఉంటారనుకుంటారు. చిత్రకారుడు పీటర్ బ్రూగెల్ పేరుమీద బ్రసెల్స్ మ్యూజియంలో ఉన్న చిత్రంలో ఆ ముగ్గురూ ఉన్నారు గాని, పడిపోతున్న కుర్రాణ్ణి ఒక్కరూ చూడరు. రైతు దున్నుకుంటూనే ఉంటాడు. కుడివైపు కింద, ఓడకూ ఒడ్డుకూ మధ్య నీళ్లలో రెండు కాళ్లు మాత్రం కనిపిస్తాయి. 1938లో బ్రసెల్స్‌లో ఉన్నప్పుడు కవి డబ్ల్యూ. హెచ్. ఆడెన్ ఈ చిత్రాన్ని తలుచుకుంటూ ‘మ్యూజే దె బోజార్’ రాశాడు. కథలో దైవమనుకున్న దాన్ని చిత్రంలో ఎవరూ పట్టించుకోలేదు. ఆ పట్టించుకోకపోవడం గురించే కవిత మాట్లాడుతుంది. విశ్వాసం గురించి రాయడానికి ఇంతకన్నా మంచి మూడు మెట్లు దొరకడం కష్టం.

కవితను చదవడం

కనీసం మూడుసార్లు చదవాలి, మూడుసార్లూ వేర్వేరు పనికి. మొదటిసారి బయటికి చదవండి, పెన్ను పట్టుకోవద్దు. నోరు ఎక్కడ తడబడిందో, గొంతు ఎక్కడ దానంతటదే పెరిగిందో గమనిస్తే చాలు. రెండోసారి తెలియని మాటల అర్థాలు చూసుకుని, ప్రతి వాక్యానికీ కర్త, క్రియ పట్టుకోండి. పాత ఇంగ్లీషు కవితల్లో క్రియ రెండు పాదాల తరవాత రావడం మామూలే. దాన్ని పట్టుకోకపోవడం వల్లే సగం తప్పుడు వ్యాఖ్యానాలు పుడతాయి. మూడోసారి పేజీని నిలువుగా రెండు భాగాలు చేసి, ఎడమవైపు పాదమూ దాని సంఖ్యా, కుడివైపు మీకు తట్టినది రాయండి. కుడివైపు కనీసం ఆరు వరసలు నిండకపోతే డ్రాఫ్ట్ మొదలుపెట్టవద్దు. అందులో రెండైనా ప్రశ్నలై ఉండాలి.

‘ద టైగర్’తో ఒకసారి చేసి చూద్దాం. ఆరు చరణాలు, ఒక్కో దాంట్లో నాలుగు పాదాలు. మొదటి చరణమే చివర మళ్లీ వస్తుందని అందరూ రాస్తారు. నిజానికి ఒక్క మాట మారింది. నాలుగో పాదంలో ‘కుడ్ ఫ్రేమ్’ అని ఉన్నచోట ఇరవైనాలుగో పాదంలో ‘డేర్ ఫ్రేమ్’ అని ఉంది. ఈ పులిని చేయగల శక్తి ఎవరికుంది అన్న ప్రశ్న, చేసే తెగువ ఎవరికుంది అన్న ప్రశ్నగా మారింది. ఇంతవరకు చాలా గైడ్లు చెబుతాయి. మీరు ఇంకో అడుగు వెయ్యండి: ఆ ‘డేర్’ చివర్లో కొత్తగా ఊడిపడిందా? లేదు. ఏడు, ఎనిమిది పాదాల్లో ఉంది, పదహారులోనూ ఉంది. మధ్యలో మొలిచిన మాట చివరికి మొదటి ప్రశ్నలోకే చొరబడింది. ఇలాంటిది మీ అంతట మీరు పట్టుకున్నప్పుడు రిఫ్లెక్షన్‌కు వెన్నెముక దొరికినట్టే.

ఇంకోటి గమనించండి. ‘ద లాంబ్’లో ప్రశ్న అడిగినవాడే జవాబు చెబుతాడు. మొదటి పది పాదాలు ప్రశ్న, తర్వాతి పది పాదాలు జవాబు. ‘ద టైగర్’లో మొదటినుంచి చివరిదాకా ప్రశ్నలే, జవాబు ఒక్కటీ లేదు. ఇరవయ్యో పాదం గొర్రెపిల్లను చేసినవాడే నిన్నూ చేశాడా అని పులిని అడుగుతుంది. విశ్వాసం గురించి రాయాలనుకున్న విద్యార్థికి అసలు సరుకు ఇక్కడుంది. ఒక కవితలో జవాబు ఎందుకుంది, ఇంకో దాంట్లో ఎందుకు లేదు? ‘దేవుడు మంచివాడా’ అన్న పెద్ద ప్రశ్నకన్నా ఈ చిన్న ప్రశ్న మీకు ఎక్కువ రాయిస్తుంది.

చిత్రాన్ని చూడటం

ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు తొందర. పది సెకన్లు చూసి, పక్కనున్న వివరణ చదివి, ఆ వివరణనే చూసినట్టు రాసేస్తారు. గడియారం పెట్టుకుని పది నిమిషాలు చూడండి. మొదటి ఐదు నిమిషాలు చిత్రం పేరు, వివరణ చదవకండి. చిత్రాన్ని మనసులో నాలుగు భాగాలు చేసి, ఒక్కో భాగంలో కంటికి కనిపించినవి మాత్రమే కాగితం మీద పెట్టండి. ‘విషాదంగా ఉంది’ అని రాయకండి. ‘ముఖం కిందికి వంగి ఉంది, కళ్లు మూసి ఉన్నాయి, వెనక గోడ ఖాళీగా ఉంది’ అని రాయండి. విషాదమో కాదో తర్వాత తేల్చుకోవచ్చు.

తర్వాత నాలుగు సంగతులు చూసుకోండి. వెలుగు ఎటునుంచి వస్తోంది? ఎవరి చూపు ఎటుంది? మధ్యలో ఏముంది, అంచుకు నెట్టేసింది ఏమిటి? అసలు చిత్రం ఎంత పెద్దది? ఈ చివరిదాన్ని ఫోన్ తెర దాచేస్తుంది. అరచేతిలో పట్టే బొమ్మా, గోడంత బొమ్మా తెర మీద ఒకే సైజులో కనిపిస్తాయి. కొలతలు మ్యూజియం వెబ్‌సైటులో ఉంటాయి. గోడ మీదో నేల మీదో ఆ కొలతలు టేపుతో గుర్తుపెట్టి, ఎదురుగా నిలబడి ఒకసారి చూడండి.

మ్యూజియంలలో పిల్లలతో చిత్రాలు చూపించేవాళ్లు ‘విజువల్ థింకింగ్ స్ట్రాటజీస్’ అన్న పద్ధతిలో మూడే ప్రశ్నలు అడుగుతారు: ఇక్కడ ఏం జరుగుతోంది, ఏం చూసి అలా అంటున్నావు, ఇంకా ఏం కనిపెట్టగలం. రాసేటప్పుడు మీకు ఎక్కువ పనికొచ్చేది రెండోది. డ్రాఫ్ట్‌లో చిత్రం గురించి రాసిన ప్రతి వాక్యం పక్కనా ‘ఏం చూసి?’ అని పెన్సిల్‌తో రాసుకుని జవాబు వెతకండి. జవాబు దొరకని వాక్యాన్ని కొట్టేయండి.

ఇకరస్ చిత్రంలో గొర్రెల కాపరి సంగతి తీసుకోండి. అతను కర్రకు ఆనుకుని ఆకాశంలోకి చూస్తుంటాడు, కుర్రాడు పడిన వైపు కాదు. దాన్ని పట్టుకుని ‘ఇతనికి మనుషుల బాధ పట్టదు’ అని తేల్చేయడం సులువు. కాని ఇదే కూర్పుతో బ్రసెల్స్‌లోనే వాన్ బ్యూరెన్ మ్యూజియంలో ఇంకో చిత్రముంది. అందులో ఆకాశంలో తండ్రి డెడలస్ ఎగురుతూ కనిపిస్తాడు. అక్కడ కాపరి చూపుకు ఒక కారణముంది. పైగా మొదటి చిత్రం కూడా బ్రూగెల్ స్వహస్తంతో వేసింది కాకపోవచ్చని, పోయిన మూలానికి నకలు కావచ్చని నిపుణుల్లో చాలామంది అభిప్రాయం. ఇవి తెలిస్తే మీ వ్యాఖ్యానం కూలిపోదు, ఒక మెట్టు జాగ్రత్తగా మాట్లాడుతుంది: ‘బ్రూగెల్ ఉద్దేశం ఇది’ అనడం మానేసి ‘ఈ చిత్రంలో కాపరి ఖాళీ ఆకాశాన్ని చూస్తున్నాడు’ అంటుంది. ఖాళీ ఆకాశాన్ని చూసే మనిషి అన్నది విశ్వాసం గురించి రాసేవాళ్లకు ఇంకా పెద్ద ఆధారం కదా!

ఆ బొమ్మ ఎక్కడ, ఎవరి కళ్ల ముందు ఉండేదో కూడా తెలుసుకోండి. భక్తికోసం చేసిన కళకు ఇది మరీ ముఖ్యం. మాతియాస్ గ్రూనెవాల్డ్ చిత్రాలున్న, చర్చి బలిపీఠం మీద నిలిపే ఈసెన్‌హైమ్ ఆల్టర్‌పీస్ 1512–1516 మధ్య తయారైంది. అందులో శిలువ మీది క్రీస్తు ఒంటినిండా పుండ్లు. ఊరికే చూస్తే చిత్రకారుడు భయపెట్టాలనుకున్నాడనిపిస్తుంది. అది సెయింట్ ఆంథొనీ సన్యాసుల మఠంలో ఉండేది. పాడైన రై ధాన్యం తినడం వల్ల వచ్చే, ఒళ్లంతా మండి అవయవాలు కుళ్లిపోయే జబ్బుతో ఉన్నవాళ్లకు ఆ సన్యాసులు అక్కడ సేవ చేసేవారు. రోగి తన పుండ్లనే దేవుడి ఒంటిమీద చూసుకునేవాడు. ఈ ఒక్క వివరం తెలిశాక ‘భయంకరం’ అన్న మాట మీ డ్రాఫ్ట్‌లో నిలవదు. ఇప్పుడది ఫ్రాన్స్ దేశంలో కోల్మార్‌లోని ఉంటర్‌లిండెన్ మ్యూజియంలో ఉంది. రోగులు చూసినట్టు సందర్శకులు చూడగలరా అన్నది మంచి రిఫ్లెక్షన్ ప్రశ్న.

విశ్వాసం: ఎవరిది?

చాలా వ్యాసాలు దెబ్బతినేది ఇక్కడే. ‘విశ్వాసం’ అనే ఒక్క మాట కింద నాలుగు వేర్వేరు సంగతులు కలిసిపోతాయి. కవితలో మాట్లాడే గొంతు నమ్మేదొకటి, కవి నమ్మేదొకటి, ఆ కాలం నమ్మినదొకటి, మీరు నమ్మేదొకటి. డ్రాఫ్ట్ పూర్తయ్యాక నాలుగు రంగుల పెన్నులు తీసుకుని ఏ వాక్యం ఎవరి నమ్మకం గురించో గీతలు గీయండి. ఒకే వాక్యం కింద రెండు రంగులు పడితే దాన్ని రెండు వాక్యాలు చేయాలి.

మిల్టన్ 1667లో అచ్చువేసిన ‘ప్యారడైజ్ లాస్ట్’ మొదటి పుస్తకంలో, స్వర్గంలో సేవ చేయడంకన్నా నరకంలో ఏలడం మేలన్న మాట ఉంది. దాన్ని మిల్టన్ అభిప్రాయంగా ఎత్తిరాసే విద్యార్థులు ఎప్పుడూ ఉంటారు. అది సైతాను మాట. కీట్స్ విషయం ఇంకా సూక్ష్మం. 1819లో రాసిన ‘ఓడ్ ఆన్ ఎ గ్రీషియన్ అర్న్’ చివర అందమే సత్యం, సత్యమే అందం అన్న మాట వస్తుంది. అది కవిత వర్ణించే గ్రీకు కలశం మాటా, కవి మాటా? 1820 పుస్తకంలో ఆ ముక్క చుట్టూ కొటేషన్ గుర్తులున్నాయి, అంతకుముందు పత్రికలో వచ్చిన పాఠంలో లేవు. చివరి రెండు పాదాలు మొత్తం కలశం పలికినవా, సగమేనా అని ఇప్పటికీ వాదన నడుస్తూనే ఉంది. ‘కీట్స్ నమ్మేది ఇదే’ అని ఒక్క వాక్యంలో తేల్చేసిన విద్యార్థి ఆ వాదనంతా పోగొట్టుకుంటాడు. ‘ఈ మాట కలశానిదైతే ఒక అర్థం, కవిదైతే ఇంకో అర్థం; నాకు మొదటిది సబబనిపిస్తోంది, ఎందుకంటే...’ అన్నవాడికి ఒక పేరా నిండా సరుకు ఉంటుంది.

వీటికి తోడు ఇంకో రకం నమ్మకముంది. 1817లో ‘బయోగ్రాఫియా లిటరేరియా’ పద్నాలుగో అధ్యాయంలో కోల్‌రిడ్జ్ దానికి ‘పొయెటిక్ ఫెయిత్’ అని పేరు పెట్టాడు. చదువుతున్నంతసేపూ అపనమ్మకాన్ని మనమే కావాలని పక్కన పెట్టుకోవడం అన్నమాట. ఇది తెలిస్తే ఒక చిక్కు విడిపోతుంది. మీరు నమ్మని మతానికి చెందిన కవిత మిమ్మల్ని కదిలించవచ్చు. అలా కదిలినంత మాత్రాన ఆ మతాన్ని ఒప్పుకున్నట్టు కాదు, మీ మతాన్ని వదిలినట్టూ కాదు. చదువుతున్నంతసేపు మీలో నిలిచినదాంట్లో, పుస్తకం మూశాక ఏది మిగిలిందో, ఏది వెళ్లిపోయిందో రాయండి. ఈ తేడాను నిజాయితీగా రాసిన వ్యాసం ఎప్పుడూ పైన నిలుస్తుంది.

మీ నమ్మకం చెప్పాల్సి వస్తే ఒక్క వాక్యంలో, నిర్దిష్టంగా చెప్పండి. ‘నేను దైవభక్తి ఉన్నవాణ్ణి’ అన్నది ఏమీ చెప్పదు. ‘బాధకు ఏదో ఒక కారణం ఉండి తీరుతుందని నేను నమ్ముతాను, అందుకే జవాబులేని ఈ కవిత నన్ను ఇబ్బంది పెట్టింది’ అన్నది పని చేస్తుంది. నాస్తికులకూ ఇదే వర్తిస్తుంది, ‘నాకు మతం లేదు కాబట్టి ఈ కవితతో నాకు సంబంధం లేదు’ అనడం చదవడానికి నిరాకరించడమే. మీ నమ్మకాన్ని రుజువుగా వాడకండి. ‘పవిత్ర గ్రంథంలో ఇలా ఉంది కాబట్టి కవి పొరబడ్డాడు’ అన్న వాక్యం సాహిత్య వ్యాసంలో నిలవదు. అదే గ్రంథంలోని ఫలానా మాటను కవి ఇక్కడ ఎలా వాడుకున్నాడో చూపితే నిలుస్తుంది. ‘మనందరం నమ్మేదే’, ‘అందరికీ తెలిసిందే’ అన్న మాటలు కనిపిస్తే కొట్టేయండి, చదివేవారు మీలాగే నమ్ముతారని మీకెలా తెలుసు?

ఇంకో మాట. మీ నమ్మకాలు బయటపెట్టడం ఇష్టం లేకపోతే పెట్టక్కర్లేదు. కవితలోని గొంతు నమ్మకం మీద, ఆ కాలపు నమ్మకం మీద మాత్రమే రాసినా పూర్తి రిఫ్లెక్షనే అవుతుంది. ‘ఈ ప్రశ్న నాకు దగ్గరిది, దాని గురించి ఇంతవరకే రాస్తాను’ అని ఒక వాక్యం రాసి ముందుకు సాగిపోవచ్చు.

రాయడం

800 పదాల వ్యాసానికి పనికొచ్చే లెక్క ఒకటుంది. మొదలు 80–100 పదాలు, కవితకు 250, చిత్రానికి 200, విశ్వాసానికి 150–200, ముగింపుకు 80. వరస ఇదే కావాలని లేదు. చిత్రం దగ్గర ఆలోచన మొదలైతే చిత్రంతోనే మొదలుపెట్టండి. కాని కవితకు 250 కన్నా తగ్గనివ్వకండి. ఇంగ్లీషు క్లాసులో కొలిచేది ముందుగా భాషను చదవడాన్ని.

మొదటి వాక్యంలోనే కృతి పేరు, మీరు ఆగిన చోటు రావాలి. ‘అనాదిగా మానవుడు కళను ఆరాధిస్తున్నాడు’ లాంటి మొదళ్లు ఎవరికీ పనికిరావు. ‘ద టైగర్ చివరి పాదంలో ఒక్క మాట మారడం నేను మొదట గమనించలేదు’ అని మొదలుపెడితే చదివేవారు రెండో వాక్యానికి వస్తారు.

మధ్య పేరాలు ఎలా ఉండాలో ఒక నమూనా చూడండి. మీరు రాసేది ఇంగ్లీషులో, ఇక్కడ విషయం కోసం తెలుగులో:

‘పులి భయంకరమైనదని కవిత చెబుతోందనుకున్నాను. నాలుగో చరణంలోని సుత్తి, గొలుసు, కొలిమి, దాగలి చూశాక భయం పులి మీదినుంచి దాన్ని చేసినవాడి మీదికి మళ్లింది. కమ్మరి పనిముట్లు కనిపిస్తున్నాయి గాని కమ్మరి ముఖం కనిపించదు, చెయ్యి, కన్ను, భుజం, పాదం లాంటి ముక్కలే. తర్వాత బ్లేక్ రేకు మీద బొమ్మ చూశాను. నేను చూసిన ప్రతిలో చెట్టు కింద నిలబడ్డ పులి పెంపుడు జంతువంత సాధుగా ఉంది. అక్షరాలు చెప్పిన భయం బొమ్మలో లేదు. భయం జంతువులో లేదు, ప్రశ్న అడిగేవాడిలో ఉందేమో అని ఇప్పుడు అనుమానిస్తున్నాను.’

ఈ పేరాలో ఆలోచన రెండుసార్లు మలుపు తిరిగింది. ప్రతి మలుపుకూ కంటికి కనిపించే ఆధారం ఉంది. చివరి వాక్యం ‘నిరూపిస్తోంది’ అనలేదు, ‘అనుమానిస్తున్నాను’ అంది. ఇంగ్లీషు క్రియల్లో ఈ బరువు తేడా తెలిసి వాడాలి. ‘ప్రూవ్స్’ కవితల విషయంలో దాదాపు ఎప్పుడూ అక్కర్లేదు. ‘సజెస్ట్స్’, ‘ఇంప్లైస్’, ‘సీమ్స్ టు’ అన్నవి చాలాచోట్ల సరిపోతాయి. కాని ప్రతి వాక్యంలోనూ ‘మే’, ‘పర్‌హాప్స్’ పెడితే రాసినవాడికే నమ్మకం లేదనిపిస్తుంది. కంటికి కనిపించేదాన్ని గట్టిగా చెప్పండి, దానినుంచి ఊహించినదాన్ని మెత్తగా చెప్పండి.

కవితలో మాట్లాడే గొంతును ‘ద స్పీకర్’ అనండి, కవి పేరు పెట్టకండి. కవిత లోపల జరిగేదాన్ని వర్తమాన కాలంలో రాస్తారు: ‘ద స్పీకర్ ఆస్క్స్’. చరిత్రలో జరిగినదాన్ని, మీ ఆలోచనలో గడిచిపోయినదాన్ని భూతకాలంలో రాస్తారు: ‘బ్లేక్ ప్రింటెడ్’, ‘ఐ అస్యూమ్డ్’. రిఫ్లెక్షన్‌లో ఈ రెండు కాలాలూ ఒకే పేరాలో పక్కపక్కనే వస్తాయి, అది తప్పు కాదు. ‘ఎట్ ఫస్ట్ ఐ అస్యూమ్డ్’ అని మొదలుపెట్టి, ‘బట్ లైన్ ట్వెంటీఫోర్ ఆస్క్స్’ అని తిప్పి, ‘ఐ నౌ థింక్’ అని దించడం మొదటి డ్రాఫ్ట్‌కు మంచి ఊతం. రెండో డ్రాఫ్ట్‌లో ఆ ఊతకర్రలను ఒక చోట మాత్రం ఉంచి మిగతావి తీసేయండి, లేకపోతే ప్రతి పేరా ఒకే తాళంలో నడుస్తుంది.

కవితను, చిత్రాన్ని కలిపే వాక్యం దగ్గర జాగ్రత్త. ‘ఇలాగే చిత్రంలో కూడా’ అన్నది బలహీనమైన అతుకు. రెండూ ఒకే మాట చెబితే రెండోది ఎందుకు? అవి ఎక్కడ విడిపోతాయో చూపితే వ్యాసం ముందుకు కదులుతుంది. పై నమూనాలో అక్షరాల భయానికీ బొమ్మ సాధుతనానికీ మధ్య పొంతన కుదరకపోవడమే ఆ పని చేసింది.

ఉటంకింపుల నియమాలు ఎమ్.ఎల్.ఏ. (మోడరన్ లాంగ్వేజ్ అసోసియేషన్) పద్ధతిలో తేలికే. మూడు పాదాల వరకు వాక్యంలోనే కొటేషన్ గుర్తుల మధ్య రాసి, పాదం మారినచోట ఏటవాలు గీత పెట్టాలి, గీతకు అటూ ఇటూ ఖాళీ వదలాలి. మూడు పాదాలు దాటితే విడిగా, లోపలికి జరిపి, కొటేషన్ గుర్తులు లేకుండా రాయాలి. చిన్న కవిత పేరుకు కొటేషన్ గుర్తులు, పుస్తకం పేరుకూ చిత్రం పేరుకూ ఇటాలిక్స్. బొమ్మ కింద చిత్రకారుడి పేరు, చిత్రం పేరు, సంవత్సరం, ఏ మ్యూజియంలో ఉందో రాయండి. బ్లేక్ లాంటి వారి విషయంలో ఏ ప్రతో కూడా రాయండి. 800 పదాల్లో ఎత్తిరాసిన పాదాలు మొత్తం ఎనిమిది దాటకూడదు. దాటితే వ్యాసం మీది కాకుండా పోతుంది.

దిద్దడం

డ్రాఫ్ట్ రాసిన రోజే దిద్దకండి, ఒక రోజు పక్కన పెట్టండి. తర్వాత ఒక్కో వాక్యాన్ని తీసుకుని ‘ఇది ఇంకో కవితకైనా సరిపోతుందా?’ అని అడగండి. ‘కవి ప్రతీకలను అద్భుతంగా వాడాడు’ అన్న వాక్యం వేల కవితలకు సరిపోతుంది, తీసేయండి. ‘పనిముట్లు ఉన్నాయి గాని కమ్మరి ముఖం లేదు’ అన్నది ఈ ఒక్క కవితకే సరిపోతుంది, ఉంచండి. ఈ ఒక్క జల్లెడతో మామూలుగా మూడోవంతు వ్యాసం పోతుంది. పోయినచోట కొత్తది రాయడానికి నిలువుగా రెండు భాగాలు చేసుకున్న నోట్స్ దగ్గరికి మళ్లీ వెళ్లండి, గైడ్ల దగ్గరికి వద్దు. గైడు చదవాలనుకుంటే మీ ఆరు వరసలూ రాసేశాకే చదవండి. ముందే చదివితే మీ కళ్లు గైడు చూపించిందే చూస్తాయి.

ముగింపులో అన్నీ తేల్చేయాలన్న ఒత్తిడి విద్యార్థులకు ఎక్కువ. విశ్వాసం మీద రాసిన వ్యాసానికి అది హాని చేస్తుంది. 80 పదాల్లో దేవుడి సంగతి ఎవరూ తేల్చలేరు. ఏది మారిందో ఒక వాక్యం, ఏది తేలలేదో ఒక వాక్యం, తేలనిదాన్ని కృతిలో ఏ చోట మళ్లీ వెతుకుతారో ఒక వాక్యం చాలు. ‘జవాబు లేకపోవడాన్ని ఓర్చుకోవడం కూడా నమ్మకమేనా అన్నది నాకు తెలియలేదు, ఐదో చరణంలోని నక్షత్రాల కన్నీళ్లను ఇంకా సరిగ్గా చదవలేదు’ అన్న ముగింపు నిజాయితీగా ఉంటుంది. టీచర్ రాసే వ్యాఖ్యకు అందులో చోటు కూడా దొరుకుతుంది.

టీచర్లకు

ఈ అసైన్‌మెంట్ ఇచ్చేటప్పుడు ప్రశ్నలో ‘మీరేం నమ్ముతారు?’ అని నేరుగా అడగకండి. ‘ఈ కృతిలో ఎవరు దేన్ని నమ్ముతున్నారు, అది మీ చదవడాన్ని ఎక్కడ మార్చింది?’ అని అడిగితే నమ్మకాలు చెప్పాలనుకున్నవాళ్లు చెబుతారు, వద్దనుకున్నవాళ్లు ఇబ్బంది పడరు. పది మార్కులకైతే ఆధారాలకు 4, ఆలోచన కదలికకు 3, కవితకూ చిత్రానికీ మధ్య పొసగిన, పొసగని చోట్లు చూపినందుకు 2, భాషకు 1 అన్న పంపకం బాగా పనిచేస్తుంది. దాన్ని ముందే పిల్లలకు చూపించండి. నమ్మకానికి ఎక్కడా మార్కు లేదని వాళ్లకు కనిపించాలి. లేకపోతే టీచర్‌కు ఏది నచ్చుతుందో ఊహించి అదే రాస్తారు, తరగతి మొత్తం ఒకే వ్యాసం అందుతుంది. దిద్దేటప్పుడు మార్జిన్‌లో ‘బాగుంది’ అని రాసేకన్నా ఒక పాదసంఖ్యా ఒక ప్రశ్నా రాయండి: ‘పదహారో పాదంలో డేర్ ఎవరి గురించి?’ రెండో డ్రాఫ్ట్‌కు వారం గడువివ్వండి, ఆ ప్రశ్నకు దొరికిన జవాబు వ్యాసంలో ఎక్కడ చేరిందో అండర్‌లైన్ చేసి తెమ్మనండి.